నీళ్ళలో దోషం లేదు

సర్కారు జీపులోంచి నలుగురు దిగారు. ముగ్గురి చేతుల్లో బ్లీచింగ్ పౌడరు సంచులున్నాయి. నాలుగోవాడి చేతిలో కాగితం ఉంది. బాగ్‌బేరా చేపల సందులో బేరాలు జోరుగా సాగాల్సిన వేళ అది. కానీ ఆ రోజు పొద్దున్నుంచీ జనం వస్తున్నారు, తట్టల వంక చూస్తున్నారు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోతున్నారు. పద్నాలుగు కిలోల సరుకు తెచ్చిన అమ్మణ్ణి పది గంటలకి మూడు కిలోలు కూడా అమ్మలేదు.

"కుసుమ్‌బాంధ్ కా మాల్ హై?" కుసుమ్‌బాంధ్ చెరువు సరుకేనా అని కాగితం ఉన్నవాడు అడిగాడు.

"హా బాబూ, బాంధ్ కా. తాజా హై. సుబహ్ కా."

బేరానికి వచ్చాడనుకుని, పొద్దుటి తాజా సరుకేనంటూ అమ్మణ్ణి ఒక కట్ల మొప్ప ఎత్తి ఎర్రగా ఉందని చూపించింది. అతను మొప్ప చూడలేదు. పక్కవాడికి తల ఊపాడు. పక్కవాడు వంగి తట్ట అంచు పట్టి ఎత్తేశాడు. కట్లలు, రెండు పెద్ద కొర్రమీనులు, ఒక వాలుగ మురిక్కాలవ గట్టు మీద పడ్డాయి. ఒక కొర్రమీను ఇంకా ప్రాణంతో ఉంది, తోక కొట్టుకుంటోంది. దాని మీద సంచి బోర్లించారు. తెల్లటి పొడి లేచి అమ్మణ్ణి కళ్ళలో పడింది.

"ఏటిది! ఏటి సేత్తన్నారు! నోటికాడ కూడు బాబూ!" అని తెలుగులో అరిచి, వాళ్ళకి అర్థం కాదని గుర్తొచ్చి, నా సరుకెందుకు పారేశారని హిందీలోకి మారింది. "క్యోం ఫేంకా? మేరా మాల్ క్యోం ఫేంకా?"

"అఖ్‌బార్ నహీ పఢా? పారా హై ఇస్‌మే. జహర్ బేచ్ రహీ హో తుమ్ లోగ్."

పేపరు చదవలేదా, ఇందులో పారా ఉంది, మీరు విషం అమ్ముతున్నారు అన్నాడు. పారా అంటే పాదరసమని అమ్మణ్ణికి తెలుసు. మొగుడు పోలరాజు రైల్వే యార్డులో కాంట్రాక్టు ఖలాసీగా చేసిన రోజుల్లో జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడుంటే, నర్సు చేతిలోంచి థర్మామీటరు జారి పగిలింది. నేలమీద వెండి పూసలు పరిగెత్తాయి. ముట్టుకోవద్దని నర్సు కేకేసింది. ఆ పూసలు చేప కడుపులోకి ఎలా వెళ్తాయి?

"జహర్ హమ్ డాలా?" అంది, విషం మేం వేశామా అని. కళ్ళు మండుతున్నాయి, నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుంటే ఇంకా మండుతున్నాయి. "బోలో! హమ్ డాలా క్యా?"

అతను ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ఉద్యోగంలో లేడు. ఆరో తట్ట అని కాగితం మీద రాసుకుని ఏడో తట్ట దగ్గరికి నడిచాడు.

రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే ఒకావిడ, పదేళ్ళుగా అమ్మణ్ణి దగ్గర తప్ప ఇంకొకరి దగ్గర కొననావిడ, అక్కడే నిలబడి అంతా చూసింది. "మౌసీ, ఇత్‌నే సాల్ హమ్‌కో యహీ ఖిలాయా?" అని అడిగి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ మాకు పెట్టింది ఇదేనా అని. తట్ట తిరగబడినప్పుడు రాని ఏడుపు అమ్మణ్ణికి అప్పుడొచ్చింది.

ఎందుకంటే ఆ సందులో అమ్మణ్ణి కేకే వేరు. "నదీ కా నహీ, బాంధ్ కా!" అని అరిచేది, నదిది కాదు చెరువుదని. నదిలోకి ఊళ్ళో కాలవలన్నీ దిగుతాయి. కుసుమ్‌బాంధ్ అలా కాదు. ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, గుట్టల మధ్య, సాల చెట్ల నీడలో ఉంటుంది. ఏ ఫ్యాక్టరీ కాలవా అందులోకి రాదు. వానే దానికి నీరు. అద్దంలా తేటగా ఉంటుంది. అందుకే నది చేప కంటే కిలోకి ఇరవై ఎక్కువ పలికేది. శుభ్రమైన చేప అని అమ్మణ్ణి పద్దెనిమిదేళ్ళు మాటిచ్చి అమ్మింది.

*

మధ్యాహ్నం రెండింటికి అమ్మణ్ణి వాళ్ళ గదికి సుకీర్తి వచ్చింది.

సుకీర్తి కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. వాళ్ళ తాత రాజమండ్రి నుంచి మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి ఈ ఊరొచ్చాడు. ఎండాకాలంలో ఆమె, ఇద్దరు విద్యార్థినులు బాగ్‌బేరా చేపలమ్మే ఇళ్ళన్నీ తిరిగి, నలభై మంది ఆడవాళ్ళ జుట్టు మెడ దగ్గర చిన్న పాయ కత్తిరించి కవర్లలో పెట్టుకుని వెళ్ళారు. అప్పుడు అమ్మణ్ణి నవ్వింది. "సవరాలకేటమ్మా?" అని ఎకసెక్కమాడింది. ఈవేళ అమ్మణ్ణి ఆమె మొహం చూడలేదు.

"పేపర్లో ఏసింది నువ్వేనంట కదా సుకీర్తమ్మా. నా తట్ట బోర్లించీసినారు."

"తెలిసిందమ్మా. సందులోంచే వస్తున్నాను." సుకీర్తి గుమ్మంలోనే చెప్పులు విడిచి చాపమీద కూర్చుంది. "నేను రాసిన రిపోర్టు ముప్ఫై పేజీలు. అందులో పొగ గురించే ఇరవై ఉన్నాయి. పేపరువాళ్ళు చేప గురించి నాలుగు ముక్కలు వేశారు. పొగ గురించి ఒక్క ముక్క వెయ్యలేదు."

అమ్మణ్ణి కూతురు కల్యాణి గోడకి ఆనుకుని కూర్చుని, ఒళ్ళో పిల్లకి అన్నం పెడుతోంది. పిల్ల పేరు హన్సిక. మూడేళ్ళు నిండి నాలుగు నెలలు. ఇంకా అమ్మా అనలేదు. నిలబెడితే మోకాళ్ళు వణికి కూలబడిపోతుంది. ముద్ద నోటికి అందిస్తే నోరు తెరవాలని తెలియడానికి కాస్త సమయం పడుతుంది. కల్యాణి ఆ కాస్తా ఆగుతుంది, మళ్ళీ అందిస్తుంది. అలా ఒక గిన్నె అన్నం తినిపించడానికి గంట పడుతుంది.

సుకీర్తి సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. "జుట్టులో పాదరసం ఒకటి లోపు ఉండాలి కల్యాణీ. నీకు ఆరు పాయింట్ ఎనిమిది. అమ్మకి తొమ్మిది."

కల్యాణి ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "పానీ మే తో కుఛ్ నహీ హై, మేడమ్," అంది. నీళ్ళలో ఏమీ లేదని హిందీలోనే మొదలెట్టి తెలుగులోకొచ్చింది. "ఆ నీళ్ళు తీసేది నేనే కదా. ప్రతీ నెలా తీత్తన్నాను. ఒక్కసారి కూడా పారా రాలేదు."

అది నిజం. కల్యాణి బి.ఎస్సీ. రెండో ఏడు ఆపేసి, గమ్హరియా దగ్గర ఒక ప్రైవేటు ల్యాబులో శాంపిళ్ళు తెచ్చే పనిలో చేరింది. నెలకి పదకొండు వేల ఐదువందలు. గమ్హరియాలో బొగ్గు కాల్చి ఇనుము తీసే కంపెనీ ఒకటి ఉంది. దానికి సొంత కరెంటు ప్లాంటు ఉంది, మూడు చిమ్నీలున్నాయి. చుట్టుపక్కల చెరువుల నీళ్ళు నెలనెలా పరీక్ష చేయించి చూపిస్తేనే దాని లైసెన్సు నిలుస్తుంది. ఆ పరీక్షల కోసం కల్యాణి కుసుమ్‌బాంధ్ గట్టు దిగి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, సీసా ముంచి, మూత బిగించి, ఫారం మీద సంతకం పెట్టేది. నలభై ఒక్కసార్లు పెట్టింది. ఎనిమిదో నెల కడుపుతో కూడా దిగింది. ప్రతీసారీ రిపోర్టులో పాదరసం గడిలో ఒకే మాట ఉండేది. నాట్ డిటెక్టెడ్.

"ఆ రిపోర్టు అబద్ధం కాదు," అంది సుకీర్తి. "అదే ఇందులో పెద్ద మోసం. బొగ్గులో పాదరసం ఉంటుంది, చాలా కొంచెం. రోజుకి వేల టన్నులు కాలుస్తుంటే ఆ కొంచెమే ఆవిరై చిమ్నీలోంచి పైకి పోతుంది. కళ్ళకి కనపడదు, వాసన ఉండదు. ఆ కంపెనీ ఒక్కటే కాదు, ఊరి చుట్టూ ఎన్ని బట్టీలున్నాయో అన్నీ ఇదే పని చేస్తున్నాయి. గాల్లో తిరిగి తిరిగి వానలో కలిసి దిగుతుంది. కుసుమ్‌బాంధ్‌కి కాలవ లేదు నిజమే. ఆకాశం ఉంది కదా."

"మరి నీటిలో కనపడాల కదా?"

"నీటిలో ఉండేది ఎంతో తెలుసా, మీ ల్యాబు మిషన్‌కి అందనంత. అది అడుక్కి దిగి బురదలో చేరుతుంది. బురదలో సూక్ష్మజీవులు దాన్ని ఇంకో రూపంలోకి మారుస్తాయి. పాచి దాన్ని పీలుస్తుంది, పాచిని చిన్న చేప తింటుంది, చిన్న చేపల్ని కొర్రమీను తింటుంది. ఒంట్లో చేరింది తొందరగా బయటికి పోదు. చెరువులో లీటరు నీళ్ళలో ఉన్నదానికి లక్షల రెట్లు పెద్ద చేపలో ఉంటుంది. వాళ్ళు అబద్ధమాడక్కర్లేదు కల్యాణీ. ఎక్కడ కనపడదో అక్కడ వెతికితే చాలు."

అమ్మణ్ణికి మిషన్ల సంగతి అర్థం కాలేదు. ఒక్క మాట మాత్రం పట్టుకుంది.

"పెద్ద సేపలోనా?"

"ఔనమ్మా. కొర్రమీను, వాలుగ. ఇంకో చేపని తినే చేప ఏదైనా."

సోంపేట దగ్గర సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి అమ్మణ్ణి. అక్కడ బాలింతకి సొరపుట్టు పెడతారు, పాలు పడతాయని. ఈ ఊళ్ళో సొరచేప దొరకదు. బదులుగా, కూతురు నీళ్ళోసుకున్న మూడో నెల నుంచి, తట్టలో అన్నిటికంటే పెద్ద కొర్రమీనుని అమ్మకుండా దాచింది. వారానికి రెండు మూడుసార్లు మిరియాలు దంచి పులుసు పెట్టింది. కిలో మూడువందల ఇరవైకి పోయే చేప. "నాకొద్దమ్మా, వికారం," అని కల్యాణి మొహం తిప్పుకుంటే, "నీకు కాదే, నోపలున్నదానికి" అని బతిమాలి తినిపించింది. పురుడయ్యాక కూడా ఆరు నెలలు తినిపించింది.

"నా సేత్తోనే పెట్టినాను," అంది. మళ్ళీ అంది. "నా సేత్తోనే పెట్టినాను కదే."

"అమ్మా!" కల్యాణి పిల్లని ఒళ్ళోంచి దించకుండానే జరిగి తల్లి చెయ్యి పట్టుకుంది.

"సుకీర్తమ్మా, నిజం సెప్పు. ఈ గుంట ఇలగయిపోడానికి అదేనా?"

సుకీర్తి కాగితాలు మడిచింది. "కడుపులో పిల్ల మెదడుకి ఇది చెరుపు చేస్తుందని ప్రపంచమంతా తెలుసు. హన్సికకి దీనివల్లే అయిందని మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పలేనమ్మా. వేరే కారణం ఉండొచ్చు. కాదని కూడా ఎవరూ చెప్పలేరు. ఇకనుంచీ పెద్ద చేప తినకండి. మెల్లగా ఒంట్లోంచి తగ్గుతుంది. మీ ఇద్దరికీ తగ్గుతుంది."

మీ ఇద్దరికీ అన్న మాట గదిలో మిగిలిపోయింది. మూడో మనిషి, అన్నం ముద్ద నోట్లో ఉంచుకుని, మింగడం మర్చిపోయి, సుకీర్తి సంచి మీది రంగుల పువ్వుని చూస్తోంది.

*

మర్నాడు నీలకంఠం వచ్చాడు. వెనకాలే కల్యాణి మొగుడు చిన్నారావు వచ్చాడు. చిన్నారావు మొహం చూడగానే ఇద్దరూ దారిలో మాట్లాడుకునే వచ్చారని అమ్మణ్ణికి తెలిసిపోయింది.

నీలకంఠం లేబర్ కాంట్రాక్టరు. చిమ్నీల కంపెనీకి నాలుగువందల మందిని పంపిస్తాడు. అందులో చిన్నారావు ఒకడు, బొగ్గు కన్వేయరు దగ్గర రోజుకి ఐదువందల ఇరవై. నీలకంఠం తెలుగువాళ్ళ సంఘానికి పెద్ద. పోలరాజు పోయినప్పుడు దహనానికి కట్టెలు తెప్పించినవాడు. ఆ సంగతి అతను మర్చిపోలేదు, ఎవర్నీ మర్చిపోనివ్వడు.

"వదినా, జరిగింది దారునం," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "నోటికాడ కూడు నేలపాలు సేసినారు. నాను కంపెనీ సాబుతో మాటాడినాను. బాగ్‌బేరాలో సేపలమ్మే ఆడోళ్ళందరికీ, ఒక్కొక్కరికీ ఐస్‌పెట్టి ఉన్న తోపుడుబండి ఇత్తామన్నారు. బెంగాల్ సేప, ఆంధ్రా సేప తెచ్చి అమ్ముకోండి. ఈ బాంధ్ గొడవే వద్దు."

"ఊరికినే ఇత్తారేటి?"

"ఏలిముద్ర ఒకటి. అంతే."

కాగితం హిందీలో ఉంది. కల్యాణి అతని చేతిలోంచి తీసుకుని చదివింది. చదువుతుంటే ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

"ఏటుందే అందులో?" అంది అమ్మణ్ణి.

"పూజలకి బొమ్మలు ముంచుతారు కదా, ఆ రంగుల్లో, సిందూరంలో ఉన్న పారా వల్ల బాంధ్ చేప చెడిపోయింది. మాకు తెలిసే అమ్మినాం. తప్పయిపోయింది. కంపెనీ దయతలచి బళ్ళిస్తోంది. కంపెనీ కొత్తగా కట్టే చిమ్నీకి మా అభ్యంతరం లేదు. ఇదమ్మా."

"కొత్త సిమ్నీయా?"

"నాలుగోది. గురువారం జన్‌సున్వాయీ. జనం అభిప్రాయం అడుగుతారంట."

అమ్మణ్ణి నీలకంఠం వైపు తిరిగింది. "తెలిసే అమ్మినామా తమ్ముడూ? తెలిసే నా కూతురికి పెట్టినానా?"

"ఆ మాట పెద్దగా పట్టించుకోకొదినా. వకీలు రాసింది. రాతలో అలగే ఉంటాది."

"ఆ బాంధ్‌లో ఏడాదికి మూడు బొమ్మలు ములుగుతాయి. దండం పెట్టి ములుపుతారు. సిమ్నీ ఏనాడైనా ఒక్క పూటాగిందా? దసరాకాగిందా, దీపావలికాగిందా? బొట్టు పెట్టుకున్న ఆడదాన్ది తప్పూ, పగలూ రేత్రీ కాల్చినోడిది కాదూనా?"

"మావయ్యా, యే ఝూఠ్ హై, అబద్ధం ఇది," అంది కల్యాణి. "సిందూరం బాంధ్ మొత్తాన్ని పాడు చెయ్యడానికి బండ్లు బండ్లు పోయాలి."

నీలకంఠం నవ్వు తగ్గించాడు. "సూడమ్మా కల్యాణీ. నీ ల్యాబు జీతం ఎవులిత్తన్నారు? ఆ కంపెనీయే. ఈడి గేట్‌పాసు ఎవులిది? నాది. ఈ ఇంటిలో రెండు జీతాలూ ఆ పొగలోంచే వత్తన్నాయి. పొగ సెడ్డదంటే, కూడు కూడా సెడ్డదే మరి. తింతన్నారు కదేటి?"

అతను చెప్పింది నిజం. మనిషికి విషం పెట్టేవాడే కూడు కూడా పెట్టేలా ఈ ఊరిని ఎవరు కట్టారో, ఎంత ఆలోచించి కట్టారో గానీ, నీలకంఠం లాంటి వాడికి గొంతు పెంచాల్సిన పని కూడా లేదు.

చిన్నారావు అంతవరకూ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. మంచివాడు. తాగడు. పనినుంచి రాగానే పిల్లని ఎత్తుకుని యార్డు గోడదాకా తీసుకెళ్ళి రైళ్ళు చూపిస్తాడు. "అత్తా, సంతకం ఏసీయ్," అన్నాడు నేలచూపులు చూస్తూ. "పిల్లకి వారానికోపాలి మాలీసు, ఫిజియో. గేట్‌పాసు పోతే ఎక్కణ్ణించి తెత్తాను? అయిపోయిందేదో అయిపోనాది. సంతకం పెడితే పిల్ల కాళ్ళు కొత్తగా పాడవ్వవు కదా."

కల్యాణి మొగుడి వంక అలా చూడటం అమ్మణ్ణి ఎప్పుడూ చూడలేదు. అందులో కోపం కంటే వింత ఎక్కువుంది, తెలియని మనిషిని చూసినట్టు.

"నా కాళ్ళు పాడయితే పెట్టీదాన్ని," అంది కల్యాణి మెల్లగా.

అమ్మణ్ణి సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. "గురువారం వత్తాను. కంపెనీ ఆళ్ళ మాట కూడా ఇంటాను," అంది. నీలకంఠం అదే చాలనుకుని వెళ్ళాడు.

*

గురువారం కంపెనీ బస్సు బాగ్‌బేరా వచ్చి చేపలమ్మే ఆడవాళ్ళని ఎక్కించుకుంది. పిల్లని పక్కింటి ముసలమ్మకి అప్పగించి అమ్మణ్ణి కూడా ఎక్కింది. కల్యాణి పొద్దున్నే ల్యాబు వాళ్ళతో వెళ్ళిపోయింది.

కంపెనీ ప్రహరీ పక్కన మైదానంలో షామియానా వేశారు. గేటు దగ్గర బల్ల, బల్ల మీద పెద్ద రిజిస్టరు, పక్కన పూరీల పొట్లాలు. బల్ల వెనక కూర్చుంది చిన్నారావు. నీలకంఠం ఆ రోజుకి అతన్ని కన్వేయరు మీంచి తప్పించి ఇక్కడ కూర్చోబెట్టాడు. చిన్నారావు ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"హాజరీ అత్తా," అని కలం ఇచ్చాడు. "వచ్చినోళ్ళ పేర్లు."

అమ్మణ్ణి వేలిముద్ర మనిషి కాదు. పోలరాజు నేర్పిన నాలుగు అక్షరాలు ఆమెకి వచ్చు. నలభై మూడో వరసలో అమ్మణ్ణి అని రాసింది. పొట్లం తీసుకుంది. నాలుగు పూరీలు, ఆలూ కూర, ఒక లడ్డు.

లోపల ఆరువందల మంది దాకా ఉన్నారు. సగం మంది నీలకంఠం కూలీలే. వేదిక మీద ప్రభుత్వ అధికారి మధ్యలో కూర్చున్నాడు, ఇటూ అటూ కంపెనీ వాళ్ళు. షామియానా పై నుంచి మూడు చిమ్నీల పొగ తెల్లగా, పలచగా, మబ్బులో కలుస్తోంది. చూడ్డానికి ఏ హానీ లేని పొగ. దానికి అడ్డంగా తెర కట్టి కంపెనీ ఆఫీసరొకాయన బొమ్మలు చూపించాడు. మొక్కలు నాటుతున్న బొమ్మ, పిల్లలకి పుస్తకాలిస్తున్న బొమ్మ. ఆఖర్న ఒక రిపోర్టు.

"కుసుమ్‌బాంధ్ నీటిని నాలుగేళ్ళుగా పరీక్ష చేయిస్తున్నాం. పాదరసం ఒక్కసారి కూడా లేదు. ఇది మేము చెప్పేది కాదు, స్వతంత్రమైన ల్యాబు చెప్పేది," అన్నాడాయన హిందీలో. "నీళ్ళలో ఏ దోషమూ లేదు."

తెర మీద రిపోర్టు ఇంటి గోడంత ఉంది. అడుగున, కుడి పక్క, నమూనా సేకరించినవారు అన్నచోట సంతకం. హిందీ చదవలేకపోయినా అమ్మణ్ణి ఆ సంతకాన్ని గుర్తుపట్టింది. బడిలో చేరిన ఏడు కల్యాణి పలక మీద రాసిన 'క' అదే, తోక పొడుగ్గా లాగి.

వెనక ల్యాబు వాళ్ళ మధ్యనుంచి కల్యాణి లేచింది. పక్కనున్న సూపర్వైజరు మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుంది. జనం మాట్లాడటానికని పెట్టిన మైకు దగ్గరికి నడిచి నిలబడింది.

"ఆ సంతకం నాది," అంది హిందీలో. "నలభై ఒక్కసార్లు ఆ సీసా ముంచాను. నన్ను పైనీళ్ళలోనే ముంచమన్నారు. అడుగున బురద తియ్యమని ఎవరూ చెప్పలేదు. నేనొకసారి అడిగితే అది మన పని కాదన్నారు. చేపని కొయ్యమని ఎవరూ చెప్పలేదు. ఆ చేప తిన్న ఆడవాళ్ళ జుట్టులో ఎంతుందో మీ రిపోర్టులో గడి లేదు. నా జుట్టులో ఆరు పాయింట్ ఎనిమిది ఉంది. నాకొక కూతురుంది. దాని సంగతి ఏ గడిలో రాస్తారు?"

అధికారి ముందుకి వంగాడు. చెడ్డ మొహం కాదు. అలసిన మొహం. "బేటీ, నీ బాధ అర్థమైంది. కానీ ఈ సభ నాలుగో యూనిట్ గురించి. చేపల విషయం దీని పరిధిలోకి రాదు."

"పొగ వస్తుందా పరిధిలోకి?"

మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో కనపడలేదు. కల్యాణి పెదాలు ఇంకా కదులుతున్నాయి. వెనక వరసలకి ఏమీ వినపడలేదు. సూపర్వైజరు వచ్చి ఆమెని పక్కకి తీసుకెళ్ళాడు.

ఆ గందరగోళం సద్దుమణగకముందే నీలకంఠం ఆడవాళ్ళ దగ్గరికి వచ్చాడు. చేతిలో పాత కాగితాలే. "రండి, రండి. బళ్ళు కావాల్సినోళ్ళు స్టేజీకాడికి రండి." ఇద్దరు లేచారు. వాళ్ళని తప్పు పట్టడానికి అమ్మణ్ణికి నోరు రాలేదు. వాళ్ళ తట్టలూ బోర్లించారు. వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలున్నారు. మిగిలినవాళ్ళు అమ్మణ్ణి వైపు చూశారు.

"నాను పెట్టను," అంది అమ్మణ్ణి.

"ఏటొదినా?"

"పెట్టనన్నాను. తెలిసే అమ్మినామని రాసినావు. తెలిసినోడు నువ్వు. తెలిసినోడు ఆ కుర్చీలో కూకున్నోడు. నా సేత ఆ మాట రాయిత్తావా?"

నీలకంఠం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. ఆశ్చర్యం, అతనికి కోపం రాలేదు. జాలిపడ్డట్టు నవ్వాడు. "పెట్టకపోతే మానీ. నీకు బండి రాదు, అంతే. సిమ్నీ ఆగిపోద్దనుకున్నావేటి? గేటుకాడ రిజిస్టర్లో ఉంది కదా నీ పేరు? సభకి వచ్చినోళ్ళ లెక్క అదే. వచ్చినోళ్ళందరూ ఒప్పుకున్నట్టే పైకి పంపుతారు. ఆరువందల మంది. నువ్వు పెట్టీసినావు ఎప్పుడో."

అమ్మణ్ణి ఒళ్ళో ఉన్న పూరీల పొట్లాన్ని కుర్చీ మీద పెట్టింది. లేచింది. మనుషుల మధ్యనుంచి, కుర్చీల కాళ్ళు తన్నుకుంటూ, గేటువైపు నడిచింది. వెనక నీలకంఠం "వదినా, వదినా" అని పిలవడం మొదలెట్టాడు. ఆమె అడుగు వేగం పెంచింది.

బల్ల దగ్గర చిన్నారావు రిజిస్టరు మూసి దారం కడుతున్నాడు. అమ్మణ్ణి దారం లాగేసి తెరిచింది. పేజీలు తిప్పింది. వందల పేర్లు. ఎక్కువ హిందీవి, వేలిముద్రలు, మధ్యలో అక్కడక్కడా తెలుగు. నలభై మూడు దొరికింది.

"కలం ఇయ్యి బాబూ."

"ఏటత్తా?"

"నా పేరు కొట్టీసుకుంటాను. కలం ఇయ్యి."

చిన్నారావు కలం చొక్కా జేబులో ఉంది. అతని చెయ్యి జేబుదాకా వెళ్ళి ఆగిపోయింది. షామియానా లోంచి నీలకంఠం, ఇంకో ఇద్దరు ఇటే వస్తున్నారు. "ఒరేయ్ చిన్నారావ్! బుక్కు తీసీయ్! ఆమెకియ్యకు!"

"అత్తా, వద్దు. నా పాసు..."

అమ్మణ్ణి అతని మొహం వంక చూడలేదు. చూస్తే జాలేస్తుందని ఆమెకి తెలుసు. వంగి, ఎడమ అరచెయ్యి పేజీ మీద ఒత్తిపెట్టి, కుడి బొటనవేలి గోరుతో తన పేరు మీద గీకడం మొదలెట్టింది. పద్దెనిమిదేళ్ళు చేప పొలుసు తీసిన గోరు అది. కాగితం పొర లేచింది. 'అ' పోయింది. 'మ్మ' చిరిగింది.

రిజిస్టరు జరిగిపోబోయింది. చిన్నారావు రెండు చేతులతోనూ అంచులు పట్టుకున్నాడు. లాక్కోడానికి పట్టుకున్నాడో, కదలకుండా పట్టుకున్నాడో అతనికే తెలియలేదు. చేతులు మాత్రం బిగుసుకుపోయాయి.

"ఒరేయ్, లాగరా!"

అరుపు దగ్గరికొచ్చింది. అమ్మణ్ణి తల ఎత్తలేదు. గోరు 'ణ్ణి' మీదికి వచ్చింది.